నేలకు చిల్లులున్న బండి

మెకానిక్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "అంకుల్, ఏ స్కానర్ కొనాలి?" ఏదో ఒకటి కొనండి. బండిలో ఏం పోయిందో స్కానర్ చెబుతుంది. ఎందుకు పోయిందో తెలియాలంటే మాత్రం ఆ బండిని ఎవరి కోసం తయారుచేశారో, ఎవరు వాడుతున్నారో తెలుసుకోవాలి. ఈ ఇద్దరూ ఒకరే అనుకోవడం దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి.

రిటైరైనవాడికి సలహాలిచ్చే జబ్బు పట్టుకుంటుందని మా ఆవిడ అంటుంది. నిజమే కావచ్చు. అందుకని సలహాలు తగ్గించి జరిగింది రాస్తాను. ఒకే రకం బండి నాలుగు తరాల పాటు ఎలా మారుతూ వచ్చిందో, అదీ ఒకే ఇంట్లో, ఒకే డ్రైవర్ చేతిలో, దగ్గరుండి చూసే అవకాశం నాకు దొరికింది. ఆ డ్రైవర్ ఉద్యోగం ఒకసారి పోయినంత పనైంది. నా వృత్తి గురించి నాకు తెలిసినదంతా ఆ వారం రోజుల్లోనే ఉంది. కంపెనీ పేరు రాయను. డబ్బున్నవాళ్ళు అడవిలో కూడా సుఖంగా తిరగాలని చేసిన ఖరీదైన విదేశీ బండి అనుకోండి, చాలు.

నేను పుట్టి పెరిగింది హిందీ మాట్లాడే బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. మా పెద్దలది బొబ్బిలి వైపు. రైల్వే పరీక్ష ఒకసారి తప్పాను, రెండోసారి ఇంకా బాగా తప్పాను. దాంతో నాన్న నన్ను తీసుకెళ్ళి గోల్ బజార్ వెనక ఉస్తాద్ గ్యారేజీలో పడేశాడు. అక్కడి నుంచి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఎలా వెళ్ళానో, ఎప్పుడు ఇన్‌ఛార్జినయ్యానో రాయడం అనవసరం. అందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. నా పేరులో రావు లేదు కానీ, తెలుగువాడు కనబడితే చాలు ఇక్కడ అందరికీ రావ్‌జీయే కాబట్టి నేనూ రావ్‌జీనే.

మొదటి బండి

బొగ్గు లారీలు, బిల్హాలో రైస్ మిల్లు ఉన్న ఒక సేఠ్ ఆ బండిని ఢిల్లీలో ఏదో రాయబార కార్యాలయం వాళ్ళు వేలం వేస్తే కొనుక్కొచ్చాడు. గ్యారేజీ ముందు అది ఆగినప్పుడు నేను పానాతో పరిగెత్తాను. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు చుట్టూ తిరిగి చూడు. బండి ఏమంటోందో విను. పానా ఎక్కడికీ పోదు."

తిరిగి చూశాను. తలుపులు రెండే. గుండ్రటి లైట్లు. బానెట్ చదునుగా ఉండి, దాని రెండు మూలల్లో చిన్న గట్లు పైకి లేచి ఉన్నాయి. అవి అందానికి కాదు. గుట్టలెక్కేటప్పుడు బండి మూల ఎక్కడుందో డ్రైవర్‌కి తన సీట్లోంచే కనబడాలని. వెనక తలుపు రెండు ముక్కలు. పై ముక్క పైకి లేస్తుంది, కింది ముక్క అరుగులా వాలుతుంది. సేఠ్ దాని మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పేవాడు. సీట్లకి తోలు లేదు, రెక్సినే. నేల మీద రబ్బరు పట్టా.

ఉస్తాద్ ఆ పట్టా ఎత్తి చూపించాడు. కింద రేకు నేలలో చిల్లులు, వాటికి రబ్బరు బిరడాలు.

"దీన్ని గీసినవాడు పొలం ఉన్నవాడు" అన్నాడు. "బురద కాళ్ళతో ఎక్కుతారని ముందే తెలుసు వాడికి. బిరడా తియ్యి, పైపు పెట్టు, కడిగెయ్యి. అంతే."

ఆ కడిగే పని డ్రైవర్ సింహాచలానిది. మా కాలనీవాడే, నాకంటే పెద్ద, నేను అన్నయ్యా అనేవాణ్ణి. వాళ్ళ నాన్న, మా నాన్న ఒకే షెడ్. షెడ్‌కి ఏ ఇంజిన్ వచ్చినా ముందు దానికి స్నానం చేయించాకే పని మొదలుపెట్టడం మా కాలనీ పిల్లలందరం చూస్తూ పెరిగాం. సింహాచలం ఆ పద్ధతే బండికి పెట్టాడు. బొగ్గు వ్యాగన్లు నింపే సైడింగ్ నుంచి వచ్చినా, కర్గీ రోడ్ అవతల సేఠ్ పొలం నుంచి వచ్చినా, ఇంట్లో పెట్టే ముందు బిరడాలు తీసి, లోపలంతా పైపుతో కడిగి, తలుపులు బార్లా తెరిచి ఎండలో పెట్టేవాడు. అతను డ్యూటీ దిగినట్టు లెక్క అప్పుడే.

సేఠ్ ముందు సీట్లో, సింహాచలం పక్కన కూర్చునేవాడు. వెనక సేఠానీ, కొడుకు. దారిపొడుగునా ముందు సీట్లో ఇద్దరూ వానల గురించి, వరి గురించి, బ్రేకుల గురించి మాట్లాడుకునేవారు.

రెండోది

కొన్నేళ్ళకి అదే బండి కొత్త తరం వచ్చింది. సేఠ్ పాతది అమ్మకుండా బిల్హా మిల్లు గోదాములో పెట్టించి కొత్తది కొన్నాడు. గుండ్రటి లైట్లు పోయి పలక లైట్లు వచ్చాయి. తలుపులు నాలుగయ్యాయి. రెక్సిన్ పోయి తోలు, రేకు పోయి చెక్క వచ్చాయి. నేల మీద తివాచీ పరిచారు. అన్నిటికంటే వింత, స్ప్రింగుల బదులు గాలి సంచులు. మీట నొక్కితే బండి పైకి లేస్తుంది, దిగేవాళ్ళ కోసం కిందికి వంగుతుంది.

మన బొగ్గు ధూళికి ఆ రబ్బరు సంచులు ఆగలేదు. తెల్లారేసరికి బండి ఒక పక్కకి గేదెలా కూర్చునేది. నేను సంచుల్లో గాలి నింపే పంపు మార్చాను. మళ్ళీ కూర్చుంది. ఇంకో పంపు మార్చబోతుంటే ఉస్తాద్ సబ్బు నీళ్ళు తెచ్చి సంచి మీద పోశాడు. బుడగలు వచ్చాయి. "పంపు కేకలేస్తోందని దాన్ని కొడుతున్నావు. ఏడుస్తున్నవాడే దొంగ అనుకున్నావా?" అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు పనికొచ్చింది.

సింహాచలం మాత్రం మారలేదు. తివాచీని గుండీలు విప్పి ఊడదీసి, గోడ మీద ఆరేసి, నేల కడిగేవాడు. చిల్లులు ఇంకా ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదు. ఈ బండిలో వెనక సీటు మెత్తగా ఉండడంతో సేఠ్ వెనక్కి వెళ్ళిపోయాడు. మాటలు తగ్గాయి. అది ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

మూడోది, బిల్హా రోడ్డు మీద

పెద్ద సేఠ్ పోయాక కొడుకు వ్యాపారం చూసుకోసాగాడు. అందరం చిన్న సేఠ్ అనేవాళ్ళం. మూడో తరం బండి కొన్నది అతనే. అప్పటికి నేను సర్వీస్ సెంటర్‌లో ఉన్నాను.

నిజం చెప్పాలంటే ఆ బండి అద్భుతం. కింద ఇనుప చట్రం లేదు, ఒళ్ళంతా ఒకే గూడు. గేర్ల పక్కన ఉండే రెండో మీట పోయి గుండ్రటి బొత్తాం వచ్చింది. దాని మీద ఇసుక, బురద, రాళ్ళ బొమ్మలు. బురద బొమ్మ దగ్గరికి తిప్పితే మిగతాదంతా బండే చూసుకుంటుంది. వెనక సీట్లు పడకలా వాలతాయి. వెనక తలుపు మాత్రం అలాగే రెండు ముక్కలు. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో.

బండి అప్పగించే తతంగం మా షోరూం వాళ్ళు ఘనంగా చేసేవారు. దండ, కొబ్బరికాయ, ఫొటో. చిన్న సేఠ్‌ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, కంపెనీ కుర్రవాడు గంటసేపు ఒక్కో బొత్తాం వివరించాడు. చిన్న సేఠ్ అచ్ఛా, అచ్ఛా అన్నాడు. ఆ తర్వాత దిగి వెనక సీట్లోకి వెళ్ళాడు. అంతవరకు బయట నిలబడి ఉన్న సింహాచలం వచ్చి బండి నడిపాడు. ఈ వైపు బండి పుస్తకం చదివేవాడు బండి నడపడు, నడిపేవాడికి ఆ పుస్తకం చూపించరు. ఇది ఆ బండిని గీసినవాళ్ళకి తెలియదు. వాళ్ళ దేశంలో కొన్నవాడే నడుపుతాడు.

ఆ వానాకాలం కర్గీ రోడ్ అవతలి పొలం నుంచి బండి బురదతో వచ్చింది. సింహాచలం తివాచీ లాగాడు. ఊడలేదు. గుండీల కోసం వెతికాడు. లేవు. కింద స్పాంజితో కలిపి అతికించేశారు. సరేనని తలుపులు తెరిచి, ఎప్పటిలాగే పైపు పెట్టాడు. ఎండలో ఆరబెట్టాడు. పైన ఆరింది. ఆ వానాకాలమంతా ఇదే వరస.

ఆఖరిసారి కడిగిన మర్నాడు చిన్న సేఠ్ తల్లిని తీసుకుని రాయ్‌పూర్ బయల్దేరాడు. బిల్హా దాటుతుండగా వైపర్లు వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. హారన్ మోగడం మొదలై ఆగలేదు. ఏసీ పోయింది, అద్దాలు దిగలేదు, ఆఖరికి ఇంజినే ఆగిపోయింది. పెద్దావిడ భయంతో ఏడ్చింది. ఆవిణ్ణి దింపి రోడ్డు పక్కన లారీ వాళ్ళ నులక మంచం మీద కూర్చోబెట్టారు. చుట్టూ జనం. అంత ఖరీదైన బండి నడిరోడ్డు మీద గోల పెడుతుంటే మిల్లు కూలీలు ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

చిన్న సేఠ్ అక్కడే సింహాచలం చేతిలోంచి తాళం తీసుకున్నాడు. "ఇక నా బండి ముట్టుకోవద్దు" అన్నాడు.

ఎవరి తప్పు

బండిని మా సెంటర్‌కి లాక్కొచ్చారు. ముందు సీటు విప్పి, తివాచీ కోసి ఎత్తాను. స్పాంజి పిండితే నీళ్ళు కారాయి. దాని కింద, సీటు అడుగున, బండి మెదడు లాంటి పెట్టె ఉంది. లోపల రాగి పచ్చగా చిలుము పట్టింది. మొదటి బండిలో చిల్లులున్న చోటే ఇందులో ఆ పెట్టె పెట్టారు.

మా మేనేజర్ సాబ్ వచ్చి చూశాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "డ్రైవర్ నిర్లక్ష్యం. పుస్తకంలో రాసే ఉంది, లోపల నీళ్ళు పోయకూడదని. చెప్పెయ్ రావ్‌జీ, మన మీదికి రాదు."

పుస్తకంలో ఉన్నమాట నిజమే.

సాయంత్రం సింహాచలం వచ్చాడు. వర్క్‌షాప్ గేటు బయటే నిలబడ్డాడు. ఎప్పుడూ నేరుగా లోపలికొచ్చే మనిషి.

"రా అన్నయ్యా, అక్కడ నిల్చున్నావేంటి?"

"నాను రానా, ఒద్దా అని సూత్తన్నాను. బండి ముట్టుకోవద్దన్నారు కదా." లోపలికొచ్చి ఆ పచ్చబడిన పెట్టె వైపు చూశాడు. "నానే కడిగినాను తమ్ముడూ. ఎవుల్నీ అనక్కర్నేదు. బురదుంటే కడగమా ఏటి? ఇన్నేళ్ళూ కడిగినాను, ఏటీ అవనేదు. దీనికేటయిపోయింది?"

"ఇది కడిగే బండి కాదు అన్నయ్యా."

"అడవిలో తిరిగే బండి అన్నారు. అడవిలో తిరిగి బురద అంటించుకోకపోతే ఎలాగ?"

 ఇప్పుడేం చేయమన్నారని అడిగాను. "మిల్లుకాడ పాత బండి ఉంది కదా, దాని దగ్గర కాపలా ఉండమంటన్నారు. జీతం అదేనంట. నాను డ్రైవర్నా, వాచ్‌మెన్నా? దాంతోపాటు నన్నూ గోదాములో పెట్టీసినట్టే కదా."   షెడ్‌కి కొత్త రకం ఇంజిన్లు వచ్చినప్పుడు మా నాన్నా ఇలాగే మాట్లాడేవాడు.

మేనేజర్‌కి రాసివ్వాల్సిన రిపోర్టు రాయలేదు. నీళ్ళు పోసింది సింహాచలమే, అది దాచను. కానీ నిర్లక్ష్యం అన్న మాట నా చేతికి రాలేదు. నిర్లక్ష్యం ఉన్నవాడు కడగడు కదా. చిన్న సేఠ్‌కి ఫోన్ చేసి, బండి గురించి చెప్పాల్సింది ఉంది, కానీ బిల్హా గోదాములో చెబుతాను అన్నాను. విసుక్కున్నాడు. అయినా వచ్చాడు. ఆ రోజు మిల్లులో పూజ ఉండి తల్లి కూడా వెంట వచ్చింది. సింహాచలం అప్పటికే అక్కడ కాపలాలో ఉన్నాడు.

గోదాములో

ధాన్యం బస్తాల వెనక మొదటి బండి. టైర్లలో గాలి లేదు కానీ ఒళ్ళు తుడిచి ఉంది. ఎవరు తుడిచారో అడగక్కర్లేదు. తలుపు తెరిచి రబ్బరు పట్టా ఎత్తాను, బిరడాలు తీశాను. ఒక బకెట్ నీళ్ళు లోపల పోశాను. అవి గలగలమంటూ కిందికి దిగి గోదాము నేల మీద పారిపోయాయి.

"చూడండి సేఠ్‌జీ. ఇదీ, మీ కొత్త బండీ ఒకే కంపెనీవి, ఒకే పేరు. దీన్ని కడగమని చేశారు. దాన్ని కడగవద్దని చేశారు. మధ్యలో మారిన సంగతి మీకు గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. ఇతనికి ఎవరూ చెప్పలేదు."

"చెప్పకపోతే అడగాలి కదా" అన్నాడు చిన్న సేఠ్. "అమ్మ ఆ రోజు ఎంత భయపడిందో నీకు తెలియదు రావ్‌జీ."

అతని కోపం అబద్ధం కాదు. కొడుకు కోపం అది. నేను తగ్గాను.

పెద్దావిడ కర్ర ఊతంగా వచ్చి, వంగి, ఆ చిల్లుల వైపు చూసింది. ఆవిడకి నవ్వొచ్చింది.

"అరే బేటా, ఈ మోరీలు గుర్తులేవా నీకు?" అంది. ఆవిడ మాట్లాడింది హిందీలోనే. "అమర్‌కంటక్ ఘాట్ ఎక్కినప్పుడల్లా నువ్వేం చేసేవాడివి? మొదటి మలుపు రాకముందే వాంతి. మీ నాన్న ముక్కు మూసుకుని దిగిపోయేవాడు. నేను నీ బట్టలు మార్చేదాన్ని. బండి ఎవరు కడిగేవారనుకున్నావ్? ఈ సింహాచలమే. వాగు దగ్గర ఆపి, ఈ మోరీలు తీసి, బకెట్‌తో. నీకు సిగ్గేస్తుందని మళ్ళీ బయల్దేరేదాకా నీ వైపు చూసేవాడు కాదు."

చిన్న సేఠ్ చెవులు ఎర్రబడ్డాయి. సింహాచలం గోదాము కప్పు వైపు చూస్తున్నాడు. ఇప్పుడు కూడా అతని వైపు చూడడం లేదు.

బిరడా ఒకటి చేతిలోకి తీసుకుని చిన్న సేఠ్ అన్నాడు, "అచ్ఛా. అయితే ఇప్పుడేం చెయ్యాలి?"

"నేర్పాలి" అన్నాను. "నాకు వారం ఇవ్వండి."

"నేర్చుకుంటాడా, ఈ వయసులో?"

నేను సింహాచలం వైపు తిరిగి తెలుగులో అడిగాను. అతను కప్పు మీదనుంచి చూపు దించాడు. "నేర్పితే నేర్సుకుంతాను. నేర్పకుండా నేర్సుకోనేదంటే ఎలాగ?"

వారం

తలకాయ నెరిసిన మనిషికి టచ్ స్క్రీన్ నేర్పడం తేలిక అని చెప్పను. అక్షరాలు చదవలేక మొదటి రోజంతా ఏసీకి బదులు పాటలు పెట్టాడు. మూడోనాటికి బొమ్మలు గుర్తుపట్టాడు. బురద గుర్తు చూసి, "ఇది తిప్పితే బండి బురదలోకి ఎల్లాలా, బురదలోంచి రావాలా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది, అతనికి రాలేదు. నిజంగానే అడిగాడు.

ఎక్కడ నీళ్ళు తగలకూడదో సీటు ఎత్తి చూపించాను. తడిగుడ్డ పిండి తుడవడం, దుమ్ము పీల్చే యంత్రం వాడడం. "ఇది కడగడం కాదు తమ్ముడూ, పేషెంటుకి ఒళ్ళు తుడిసినట్టుంది" అని సణిగాడు. కానీ చేశాడు. వారం చివర చిన్న సేఠ్ వచ్చి, తాళం అతని చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత నుంచి మా సెంటర్‌లో బండి అప్పగించే పద్ధతి మార్పించాను. దండ, కొబ్బరికాయ ఎవరికైనా ఇచ్చుకోండి. సీట్లో కూర్చునేది మాత్రం నడిపేవాడు. మేనేజర్ సాబ్ మొదట ఒప్పుకోలేదు. యజమానులు చిన్నబుచ్చుకుంటారన్నాడు. కొందరు చిన్నబుచ్చుకున్నారు కూడా. పిల్లలూ, ఈ ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. బండిని అప్పగించడం అంటే తాళం ఇవ్వడం కాదు. పాత బండి నేర్పిన అలవాట్లలో ఏవి ఇక చెల్లవో చెప్పడం.

నాలుగోది

నేను రిటైరయ్యే ముందు అప్పగించిన చివరి బండి ఈ తరంది. చిన్న సేఠ్ కొన్నదే. తలుపు పిడులు ఒంట్లోకి దాక్కున్నాయి. లైట్లు సన్నటి గీతలయ్యాయి. బానెట్ మీద ఆ పాత గట్లు లేవు, మూలలు చూపడానికి కెమెరాలున్నాయి. బొత్తాలన్నీ అద్దంలోకి వెళ్ళిపోయాయి. వెనక తలుపు ఇంకా రెండు ముక్కలే.

సింహాచలం డ్రైవర్ సీట్లో కూర్చుని అన్నీ విన్నాడు. చివర్లో ఒకటే అడిగాడు. "ఇందులో మెదడెక్కడుంది తమ్ముడూ?" చూపించాను.

అమర్‌కంటక్ దాకా పూజకి వెళ్తున్నారు, నువ్వూ రా రావ్‌జీ, బండి నడక చూద్దువుగాని అన్నాడు చిన్న సేఠ్. వెళ్ళాను. నేను ముందు సీట్లో. వెనక చిన్న సేఠ్, తల్లి, మధ్యలో అతని చిన్న కూతురు. తాత ఎలా ఉండేవాడని అడుగుతూ ఆ పిల్ల హుషారుగా ఉంది. ఘాట్ మొదలైంది. బండి మలుపుల్లో ఒరగకుండా, పళ్ళెంలో నీళ్ళు తొణకనట్టు వెళ్తోంది. ఇన్ని తరాల పని ఇందుకే కదా అనుకున్నాను.

మొదటి మలుపు దాటకముందే వెనక పిల్ల వాంతి చేసుకుంది.

సింహాచలం బండి పక్కకి ఆపాడు. దిగి, గుడ్డ, నీళ్ళ సీసా తీసుకుని వెనక సీటు తలుపు దగ్గరికి వచ్చాడు. లోపల తెల్లటి తోలు, తెల్లటి తివాచీ. ఏ చిల్లూ లేదు. అతను కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు, పిల్ల వైపు చూడకుండా.

"పిండిన గుడ్డేనా తమ్ముడూ? నీళ్ళు పొయ్యొద్దు కదా?"

"వద్దు అన్నయ్యా."

గుడ్డతో లోపలికి వంగబోయాడు. అప్పటికే దిగి ఇటు వచ్చిన చిన్న సేఠ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. గుడ్డ తీసుకుని, పట్టు కుర్తాతోనే రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇలా ఇవ్వండి సేఠ్‌జీ, నేను చేస్తాను" అన్నాడు సింహాచలం హిందీలో.

"ఉండు" అన్నాడు చిన్న సేఠ్. "నాది నువ్వు కడిగావు. దీనిది నన్ను తుడవనీ."

పెద్దావిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నీళ్ళ సీసా మాత్రం నేనే పట్టుకున్నాను. గుడ్డ ఎంత తడపాలో చూసుకోవాలి కదా.